పది నిమిషాల షాపింగ్ గురించి: క్రూజ్ కంపెనీలకు, మన టూర్ ఆపరేటర్లకు బహిరంగ లేఖ

మధ్యధరా సముద్రంలో క్రూజ్‌లు నడిపే కంపెనీల ఒడ్డు యాత్రల విభాగాలకు,
హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి గ్రూపులు కట్టి ఆ ఓడలు ఎక్కించే టూర్ ఆపరేటర్లకు,

నమస్కారం.

పోయిన అక్టోబరులో బార్సిలోనాలో మీ ఓడ ఎక్కిన మా 34 మంది గ్రూపులో నేనొకదాన్ని. ఓడ బాగుంది. భోజనం బాగుంది, పప్పన్నం కూడా పెట్టారు. మీ సిబ్బంది మర్యాదలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ ముక్క ముందే చెప్పేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

తిరిగి వచ్చాక, ఓడవాళ్ల లిస్టులో ఉన్న షాపుల్లో మోసపోయామని కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టాను. మొదటిదానికి, రెండోదానికి ఒకటే కంప్యూటర్ జవాబు వచ్చింది. మూడోదానికి అదీ లేదు. టూర్ ఆపరేటర్ ఆఫీసుకు స్వయంగా వెళితే, కూర్చోబెట్టి టీ ఇచ్చి, “షాపుల లిస్టు ఓడవాళ్లది మేడం, మా చేతిలో ఏముంటుంది?” అన్నారు. ఓడలో ఉండగా అదే ప్రశ్న ఓడవాళ్లను అడిగితే “మీ గ్రూప్ లీడర్‌తో మాట్లాడండి” అన్నారు. అందుకే ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టి అడుగుదామని ఈ లేఖ.

మాది నరసాపురం. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మా ఊళ్లో లేసు అల్లిక నేర్పారు. అప్పటి నుంచి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లుతూనే ఉన్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ చేతిపని చేసేది, అంటే పువ్వులు అల్లేది. మా పిన్ని అతుకుపని చేసేది, అంటే ఆ పువ్వుల్ని కలిపి బట్టగా చేసేది. నేను ఉద్యోగంలో పడి సూది వదిలేశాను గానీ, కళ్లు మరిచిపోలేదు.

మా ఓడ గురువారం మాల్టా చేరింది. ఓడ ఆగే రేవుకీ వల్లెట్టా ఊరికీ మధ్య 58 మీటర్ల ఎత్తైన లిఫ్ట్ ఉంది. ఎక్కితే నేరుగా ఊళ్లోకే. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. మమ్మల్ని బస్సెక్కించి ఇమ్దీనా కోట చూపించి, వచ్చేదారిలో ఒక పెద్ద షాపు ముందు ఆపారు. గుమ్మం పక్కనే ఒక ముసలావిడ పొడుగాటి దిండు గోడకి ఆనించుకుని కూర్చుంది. దిండు మీద గుచ్చిన గుండుసూదుల మధ్య చిన్న చిన్న కర్ర కండెలు టకటకలాడుతూ దారాలు అటూ ఇటూ మారుతున్నాయి. మాల్టా లేసంటే అదే. ఎనిమిది కొనల శిలువ, గోధుమ గింజల్లాంటి బొద్దు రేకులు దాని గుర్తులు. చూస్తూ ఎంతసేపైనా నిలబడేదాన్ని. “అమ్మా, పది నిమిషాలే ఉంది. ఇది ఓడ లిస్టులో ఉన్న షాపే, డౌటేం లేదు, తీసేసుకోండి” అన్నాడు మా గ్రూప్ లీడర్. కౌంటర్ మీద మడతలు పెట్టిన టేబుల్‌క్లాత్ ఒకటి చూపించి “లోకల్” అంది షాపు అమ్మాయి. 65 యూరోలు. అంటే ఆరు వేల పైచిలుకు. కార్డు ఇచ్చేశాను.

బస్సులో ఒళ్లో వేసుకుని విప్పి, అలవాటు కొద్దీ తిరగేసి చూశాను. కండెల పని కాదది. కొక్కెం సూదితో వేసిన గొలుసు కుట్లు, ఎనిమిది రేకుల పువ్వులు, పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకు. మా పిన్ని వేసే అతుకులాంటిదే. నరసాపురంలో అల్లారో, చైనాలో అల్లారో నేను ఒట్టేసి చెప్పలేను. మాల్టాలో అల్లలేదని మాత్రం చెప్పగలను. వెనక్కి తిప్పమంటే బస్సు తిరగదు కదా. సాయంత్రం అయిదింటికి ఓడ కదిలింది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా వారైతే నవ్వే నవ్వారు. “నరసాపురం నుంచి మాల్టా దాకా వెళ్లి లేసు కొన్నావు” అని ఇప్పటికీ అంటారు.

నా ఒక్కదాని టేబుల్‌క్లాత్ గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ వారంలో చూసినవి వరసగా చెబుతాను.

1. ఓడ రేవులో ఉండే వేళకీ, చిన్న షాపులు తెరిచి ఉండే వేళకీ పొంతన లేదు. ఫ్రాన్స్‌లోని మార్సేయి రేవుకు ఆదివారం చేర్చారు. ఆదివారం అక్కడ ఎక్కువ షాపులు మూసే ఉంటాయి. జెనోవాకు సోమవారం ఉదయం చేర్చారు. సోమవారం పొద్దున ఇటలీలో చాలా చిన్న షాపులు తలుపు తీయవు. నేపుల్స్‌లో, మెస్సీనాలో, మాల్టాలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు నాలుగింటి దాకా షట్టర్లు దించేస్తారు. భోజనం చేసి ఓ కునుకు తీస్తారన్నమాట, తప్పేముంది. కానీ మేం అయిదింటిలోపు ఓడలో ఉండాలి. ఇక మధ్యాహ్నం తెరిచి ఉండేది ఎవరు? మీ బస్సు ఆగే షాపు, టూరిస్టుల కోసమే పెట్టిన షాపు. ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో ఏడాది ముందే మీకు తెలుసు. మా చేతికిచ్చే కాగితంలో స్పా డిస్కౌంట్లకు అర పేజీ ఉంది గానీ ఈ ఒక్క వాక్యం లేదు.

2. యాత్రలో ఊరికన్నా షాపుకే ఎక్కువ విలువ. నేపుల్స్‌లో “పాంపే యాత్ర” అని డబ్బు కట్టించుకున్నారు. నేను వాచీ చూసుకుని రాసుకున్నాను: పాంపేలో గంటా పది నిమిషాలు, దారిలో కామియో, అంటే గవ్వ మీద చెక్కిన బొమ్మల ఫ్యాక్టరీలో యాభై నిమిషాలు. రెండు వేల ఏళ్ల నాటి వీధులు చూడటానికి మనిషి ఎన్నాళ్లో డబ్బు కూడబెట్టి వస్తాడు. అక్కడ “నడవండి నడవండి” అని తరిమి, షాపులో మాత్రం ఏసీలో కూర్చోబెట్టారు.

నిజం చెప్పాలంటే ఆ పని గొప్ప పని. వెసూవియస్ అగ్నిపర్వతం కింద టోర్రె డెల్ గ్రెకో ఊరివాళ్లు తరతరాలుగా పెద్ద సముద్రపు గవ్వ మీది తెల్ల పొరని చెక్కి, కింది గోధుమరంగు పొర మీద బొమ్మ తేలేలా చేస్తారు. ఒక పెద్దాయన మాకు మూడు నిమిషాలు చెక్కి చూపించాడు. చెయ్యి కదిలిందా లేదా అన్నట్టుంది. మిగతా నలభై ఏడు నిమిషాలూ అమ్మకమే. మా గ్రూపు ఆడవాళ్లంతా పగడాల మీద పడ్డారు. కుజ దోషం ఉన్న పిల్లలకి ఉంగరాలు చేయించాలని తల్లులకి ఉండదూ? టోర్రె డెల్ గ్రెకోలో చెక్కే పగడంలో మధ్యధరా సముద్రానిది ఉంటుంది, జపాన్ వైపు సముద్రాల నుంచి తెచ్చిందీ ఉంటుంది. రంగు అద్దిన వెదురు పగడం బజార్లో వేరే ఉంటుంది. ఏది ఏదో బిల్లు మీద రాయమంటే ఆ షాపులో రాయలేదు. “కోరల్” అని ఒక్క మాట రాసి చేతిలో పెట్టారు.

అదే నేపుల్స్‌లో ఓడ దిగి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడిస్తే సాన్ గ్రెగోరియో ఆర్మేనో వీధి వస్తుంది. వీధి పొడుగునా క్రిస్మస్ బొమ్మలు చేసేవాళ్లే. మనకి బొమ్మల కొలువులాగా వాళ్లకి ప్రెసేపె. రొట్టెలు కాల్చేవాడు, చేపలమ్మి, రాజకీయ నాయకుడు, ఫుట్‌బాల్ ఆటగాడు, అందరూ అక్కడ మట్టి బొమ్మలే. ఆ వీధి సంగతి నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

3. పేరే గాని మూలం ఉండదు. మార్సేయి సబ్బు సంగతి చూడండి. అసలు పద్ధతిలో చేసే సబ్బు దిమ్మలా చతురస్రంగా ఉంటుంది. ఆలివ్ నూనెదైతే పచ్చగా, మిగతా నూనెలదైతే లేత గోధుమ రంగులో ఉంటుంది. రంగు కలపరు, సెంటు కలపరు, పక్కన 72 శాతం నూనె అని అచ్చు గుద్దుతారు. 1688లోనే ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ప్రభుత్వం ఆలివ్ నూనె తప్ప వేరే కొవ్వు వాడకూడదని ఆజ్ఞ వేసింది. ఇప్పుడు మాత్రం “మార్సేయి సబ్బు” అనే మాట వాడటానికి మార్సేయిలో చేయనక్కరలేదు. ఎక్కడ చేసినా ఆ పేరు రాసుకోవచ్చు. మేం కొన్నవి గులాబీ రంగువి, లావెండర్ వాసనవి, రిబ్బన్ కట్టినవి. గ్రూపులో ఒక్కొక్కరూ పది, పదిహేను కొన్నారు, బంధువులకి పంచడానికి. మీ షటిల్ బస్సులోని మైకులో సబ్బు షాపు పేరు రెండుసార్లు చెప్పారు. “72 అంకె చూసి కొనండి” అని ఒక్కసారి చెబితే ఏం పోయేది?

మెస్సీనాలో నేను ఓడ దిగలేదు, కాళ్లు నొప్పి. కాబట్టి దాని గురించి ఏమీ అనను. జెనోవాలో మాత్రం రేవు పాత ఊరిని ఆనుకునే ఉంది. బస్సు లేదు, లిస్టు లేదు, సందుల్లో మేమే నడిచాం. ఒక సరుకుల కొట్లో ఆయన మాకు వాళ్ల తులసి పచ్చడి, అదే పెస్తో, రుచి చూపించాడు. శాకాహారులమని సైగ చేస్తే తల అడ్డంగా ఊపి, దాంట్లో వేసే చీజ్‌ని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పేరబెడతారని తనే చెప్పి, చీజ్ లేని సీసా తీసి ఇచ్చాడు. తన సరుకు వద్దని తనే చెప్పిన వ్యాపారి వారం మొత్తంలో ఆయనొక్కడే కనిపించాడు. ఆయన మీ లిస్టులో లేడు.

4. డబ్బు దగ్గర దెబ్బ. ఇది కొన్నాక తెలిసేది, అందుకే ఎక్కువ మందికి తగిలేది. యూరప్ బయట ఉండేవాళ్లకి పన్ను వాపసు ఉంటుంది. ఇటలీలో 2024 ఫిబ్రవరి నుంచి 70 యూరోలు దాటిన బిల్లుకే ఇస్తున్నారు, అంతకుముందు 154.94 దాటాలి. ఫ్రాన్స్‌లో 100 యూరోలు దాటాలి. మా పక్క గదివాళ్లు, ఇద్దరూ రిటైరైన టీచర్లు, జెనోవాలో కూతురికి 180 యూరోలు పెట్టి తోలు బ్యాగు కొన్నారు. ఆ ధరలోనే 22 శాతం పన్ను కలిసి ఉంటుంది, అంటే అందులో పన్ను 32 యూరోలు. వాపసు ఇప్పించే ఏజెన్సీ రుసుము పోను మిగిలింది వాళ్లకి రావాలి. ఫారం తీసుకున్నారు కూడా. బార్సిలోనా విమానాశ్రయంలో బ్యాగేమో చెక్-ఇన్ పెట్టెలో వెళ్లిపోయింది. కస్టమ్స్ ఆయన “వస్తువు చూపించండి” అన్నాడు. స్పెయిన్‌లో కొన్న వాటికి మెషీన్ దగ్గర పనైపోతుంది, ఇటలీ ఫారానికి మాత్రం కౌంటర్ దగ్గరకే వెళ్లాలి. క్యూ పెద్దది, మా ఆపరేటర్ ఉంచిన టైము తక్కువ. ఆ మాష్టారు ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారు.

ఇంకోటి. కార్డు మెషీన్ మీద “రూపాయలా, యూరోలా?” అని వస్తుంది. మనవాళ్లు రూపాయలు చూసి సంతోషపడి అదే నొక్కుతారు. ఆ మారకం రేటు మెషీన్‌వాళ్లది, మన బ్యాంకుది కాదు. యూరోలే నొక్కాలి. ఎంత చిన్న మాట ఇది!

5. నకిలీ బ్యాగులు. ఇటలీ రేవుల బయట దుప్పటి పరిచి పెద్ద పెద్ద బ్రాండ్ల పేర్లతో అమ్ముతారు. ఇటలీలో అమ్మినవాడికే కాదు, కొన్నవాడికీ జరిమానా ఉంది, 7,000 యూరోల దాకా వేయవచ్చు. మా గ్రూపులో ఒక కుర్రాడు బేరమాడుతుంటే గ్రూప్ లీడర్ పక్కన నిలబడి ఇంకా తగ్గించమని సాయం చేశాడు. పోలీసులు రాలేదు కాబట్టి సరిపోయింది.

ఇక దీనివల్ల నష్టపోయేది మేమొక్కళ్లమే కాదు. గుమ్మం దగ్గర దిండు పెట్టుకుని కూర్చున్న ఆ ముసలావిడ లేసు ఎక్కడుంది? నాకైతే కౌంటర్ మీద కనబడలేదు. ఆవిడ వేళ్లు చూపించి వేరేవాళ్ల పని అమ్మారు. ఆ వేరేవాళ్లు మా నరసాపురం వాళ్లే అయితే, ఆ 65 యూరోల్లో అల్లినామెకి ఎంత ముట్టి ఉంటుందో మా అమ్మ దీపం దగ్గర కళ్లు చికిలించుకోవడం చూసినదాన్ని, ఊహించగలను. పేరు మాల్టాది, పని ఇంకొకరిది, డబ్బు మూడోవాడిది.

అక్కడి ఊళ్లు మీ మీద ఎందుకు విసుక్కుంటున్నాయో కూడా ఆలోచించండి. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ రోజుకు రెండు ఓడలే రమ్మంది. బార్సిలోనా 2025 జూలైలో క్రూజ్ టెర్మినళ్లను ఏడు నుంచి అయిదుకు తగ్గించే ఒప్పందం చేసుకుంది. గ్రీసు 2025 వేసవి నుంచి సాంటొరినీలో, మికొనోస్‌లో రద్దీ నెలల్లో దిగే ప్రతి క్రూజ్ ప్రయాణికుడి మీద 20 యూరోలు వేస్తోంది. క్రూజ్‌లో వచ్చేవాళ్లు ఊరంతా తొక్కి పోతారు, ఊరికి మిగిల్చేది ఏమీ ఉండదని వాళ్ల గోడు. మేం ఖర్చు పెట్టడానికే వచ్చాం. ఊరికి చేరకుండా మధ్యలో ఆపిన బస్సు ఎవరిది?

మేం కోరేవి ఇవి.

1. మీ లిస్టులోని ఏ షాపు మీకు డబ్బు ఇస్తుందో, ఏ గైడుకి కమిషన్ ఉందో లిస్టు మీదే, షాపు పేరు పక్కనే రాయండి. అడుగున భూతద్దం పెట్టి చదివే అక్షరాల్లో కాదు. కమిషన్ తీసుకోవద్దని మేం అనడం లేదు, దాచవద్దంటున్నాం.

2. యాత్ర టికెట్ అమ్మేటప్పుడే షాపులో ఎన్ని నిమిషాలు, చూసే చోట ఎన్ని నిమిషాలు అని రాసివ్వండి. షాపు వద్దన్నవాళ్లను ఊళ్లో దింపండి.

3. “లోకల్” అని అమ్మే ప్రతి వస్తువుకూ ఎక్కడ, దేనితో, ఎలా చేశారో బిల్లు మీద రాయని షాపును లిస్టులోంచి తీసేయండి. ఇది కష్టమేమీ కాదు. ఇటలీలోని మురానో గాజుకు 1994 నుంచి ప్రాంతీయ ప్రభుత్వ ముద్రే ఉంది. మన చేనేతకీ ఉంది.

4. ప్రతి రేవుకూ ముందు రోజు రాత్రి ఒక్క పేజీ ఇవ్వండి: రేపు షాపులు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, రేవు నుంచి ఊళ్లోకి సొంతంగా ఎలా వెళ్లాలి, ఆ ఊరివాళ్లు నిజంగా చేసేదేమిటి, దాన్ని ఎలా గుర్తుపట్టాలి.

5. లిస్టు షాపులో మోసపోయిన ప్రయాణికుడు ఓడ దిగేలోపే ఫిర్యాదు ఇచ్చి, డబ్బు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఓడలోనే ఉండాలి. ఓడ కదిలాక మేం షాపుకు వెళ్లలేం. ఆ సంగతి షాపుకీ తెలుసు, అదే వాళ్ల ధైర్యం.

6. టూర్ ఆపరేటర్లకు విడిగా: తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలో పన్ను వాపసు కోసం ఒక గంట అదనంగా ఉంచండి. కొన్న వస్తువులు చేతి సంచిలో పెట్టుకోమని ముందు రాత్రే చెప్పండి. నకిలీ సరుకు దగ్గర మీ మనిషి నిలబడకూడదు. ఇంకా, గ్రూప్ లీడర్‌కి ఆ షాపుల్లో ఏమైనా ముడుతుంటే అది మాతో చేసుకున్న ఒప్పందంలో రాయండి.

ఈ లేఖకు 30 రోజుల్లో పేరూ సంతకమూ ఉన్న జవాబు ఇవ్వండి. కంప్యూటర్ జవాబు లెక్కలోకి రాదు. అప్పటికీ రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేం ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని తెలుసుకున్నాం. మా గ్రూపులో పదకొండు మంది బిల్లులు ఇప్పటికే నా దగ్గరకు చేర్చారు. ఆ టేబుల్‌క్లాత్ కూడా ఉతక్కుండా, బిల్లుతో సహా బీరువాలోనే ఉంచాను. మాల్టాలో అల్లిందని మీలో ఎవరైనా అంటే వచ్చి తిరగేసి చూడవచ్చు.

ఇట్లు,
నరసాపురం లేసు ఇంట్లో పుట్టిన ఒక ప్రయాణికురాలు,
హైదరాబాద్